30 రూపాయల ఫోమ్ ముక్క



పోయిన నెల నేనేమీ రాయలేదు. ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి "అయ్యగారూ, ఒంట్లో బాగుందా?" అని అడిగారు. ఒంట్లో బాగానే ఉంది. రాయాల్సిన విషయం ఒకటి పెట్టుకుని, దాన్ని దాటేసి ఇంకోటి రాయడానికి చెయ్యి రాలేదు. ఇందులో ఉన్న తమ్ముడినీ, కొట్టు అక్కనీ ముందే అడిగాను. తమ్ముడు "రాయండి అయ్యగారూ, పేరు మాత్రం వద్దు" అన్నాడు. అక్క "ఊళ్ళో అందరికీ తెలిసిందేగా, రాస్తే ఏం, రాయకపోతే ఏం" అంది.

విషయం తైవాన్ పంపు గురించి. ఊరు వదిలి చాలా కాలమైన వాళ్ళకు గుర్తు చేస్తాను. వీపుకు తగిలించుకుని మిరపకు మందు కొట్టే పెట్రోలు పంపు అది. చిన్న టూ స్ట్రోక్ ఇంజను, 26 సీసీకి కాస్త అటూ ఇటూ. ఖాళీగానే 10 కిలోల దాకా తూగుతుంది. 20 లీటర్ల మందు నీళ్ళు పోస్తే 30 కిలోలు వీపు మీద. మన పల్నాడులో ఇది ఎప్పటినుంచో ఉన్నా, 2021లో నల్ల తామర పురుగు మిరప పూతలో దిగిన దగ్గర్నుంచి ఏ వీధిలో చూసినా ఇదే చప్పుడు. ఆ ఏడు కొందరు నాలుగు రోజులకొకసారి కొట్టారు. కొట్టి కొట్టి విసిగి, కాపు మీదున్న చేలనే దున్నేసిన వాళ్ళున్నారు. మీలో కొంతమంది ఊరు వదిలింది ఆ ఏడే, నాకు గుర్తుంది.

మన సంఘంలో ఒక తమ్ముడికి సెంటు పొలం లేదు. ఈ పంపే అతని పొలం అనుకోండి. అప్పు చేసి కొన్నాడు. సీజన్లో తెల్లారకముందే లేచి, ఎవరు పిలిస్తే వాళ్ళ చేలో ట్యాంకు లెక్కన మందు కొట్టి వస్తాడు. ఎండెక్కే లోపల ఒక చేను, సాయంత్రం ఒక చేను. ఆదివారం మాత్రం పంపు ముట్టడు. మందిరంలో డోలక్ వాయించేది అతనే.

ఇక నా సంగతి. నేను సేవలోకి రాకముందు నాలుగేళ్ళు నరసరావుపేటలో ఒక మెకానిక్ షాపులో పని చేశానని మీలో పెద్దవాళ్ళకు తెలుసు. లూనాలు, టీవీఎస్ ఫిఫ్టీలు, పాత చేతక్‌లు, ఆర్ఎక్స్ హండ్రెడ్‌లు. అన్నీ టూ స్ట్రోకే. మా మేస్త్రీ మాట్లాడేది తక్కువ. నేను స్పానరు తీసుకుని కార్బేటర్ మీదకు పోబోతే చేతి మీద ఒక్కటి వేసేవాడు. "ముందు బయట కడుగు" అనేవాడు. కార్బేటర్లోకి మట్టి పోవడానికి అన్నిటికంటే మంచి సమయం మనం దాన్ని శుభ్రం చేద్దామని విప్పే సమయమే. చుట్టూ పేరుకున్న ఆయిలు మట్టి విప్పగానే లోపల రాలుతుంది. ఈ మాట నాలుగేళ్ళు రోజూ విన్నాను. కనుక తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు దారి లేదు.

ఆ పంపు లోపల ఏముందో కాస్త చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని ఎంత పెద్దదో అర్థం కాదు. కార్బేటర్ అంటే కింద ఒక చిన్న గిన్నె. అందులో పెట్రోలు ఎంత ఉండాలో అంతే ఉండేలా ఒక ఫ్లోటు, దాని మీద ఒక సూది. గిన్నెలోంచి పెట్రోలు పైకి పోవడానికి ఒక ఇత్తడి జెట్టు. దాని బెజ్జం మిల్లీమీటరులో సగానికి కాస్త అటూ ఇటూ. గుండుసూది మొన దూరడానికి ఇబ్బంది పడే బెజ్జం. అవతలి వైపు నుంచి గాలి వస్తుంది. ఆ గాలి వచ్చే దారికి ఒక ప్లాస్టిక్ మూత, మూత లోపల అరచేతిలో సగం ఉండే ఫోమ్ ముక్క. ఎయిర్ ఫిల్టర్ అంటే అంతే. గిన్నెల పీచులాగా ఉంటుంది, చూడ్డానికి విలువ లేనట్టుంటుంది.

ఫోర్ స్ట్రోక్ బండిలో ఆయిలు కింద వేరే గదిలో ఉంటుంది. టూ స్ట్రోక్‌లో అలా వేరే గది లేదు. పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోస్తాం. ఈ పంపుకైతే లీటరుకు 40 మిల్లీలీటర్లు. ఆ పెట్రోలూ గాలీ కలిసి ముందు కిందికి, క్రాంకు తిరిగే చోటికి వెళ్ళి, బేరింగులను తడిపి, తర్వాతే పైకి సిలిండర్లోకి ఎక్కుతాయి. అంటే ఆ ఫోమ్ దాటి లోపలికి వచ్చిన దుమ్ము ఇంజనులో అటు చివర నుంచి ఇటు చివర దాకా ప్రయాణం చేస్తుంది. దాన్ని ఆపేది మధ్యలో ఇంకేమీ లేదు.

మందిరం పక్కన నేను వేసుకున్న 40 సెంట్ల మిరప తోట మీకు తెలుసు. దసరా వెళ్ళిన తర్వాతి శనివారం తమ్ముడి దగ్గర పంపు అడిగి తెచ్చుకున్నాను. మూడో ట్యాంకు దగ్గర ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. నల్ల పొగ. ప్లగ్గు తీస్తే మసి. అలాంటప్పుడు మొదట చూడాల్సింది ఫోమ్. గాలి అందక పెట్రోలు ఎక్కువైపోతే ఇలాగే అవుతుంది. మూత తీశాను. ఫోమ్ నిండా ఆయిలు, నల్లరేగడి దుమ్ము, పొడి మందు కలిపేటప్పుడు లేచిన పచ్చటి పొడి. ముద్దగా అయిపోయింది.

దాన్ని సబ్బు నీళ్ళలో వేసి పిసికి, మెలిపెట్టకుండా అరచేతుల మధ్య నొక్కి, నీడన ఆరబెట్టి, నాలుగు చుక్కల ఆయిలు వేసి మళ్ళీ నొక్కి పెట్టాలి. గంటో రెండు గంటలో పని. సబ్బు నీళ్ళ కోసం ఇంటి దాకా నడవడానికి బద్ధకించాను. సీసాలో పెట్రోలు చేతిలోనే ఉంది. పెట్రోలు పోసి పిండాను. పాతబడిన ఫోమ్ అది. చేతిలోనే పొడిపొడిగా రాలిపోయింది.

ఇంకా రెండు ట్యాంకుల మందు కలిపి ఉంది. ఫోమ్ లేకుండానే మూత బిగించాను.

ఇంజను బ్రహ్మాండంగా తిరిగింది. తిరగదూ మరి! గాలికి అడ్డమేమీ లేదాయె. సాయంత్రం తమ్ముడు వచ్చి తాడు లాగితే ఒక్క గుంజుకే స్టార్టయింది. "అయ్యగారి చెయ్యి పడితే అంతే" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నోటి దాకా వచ్చిన మాట ఆ నవ్వులో లోపలికి పోయింది. సోమవారం నరసరావుపేట వెళ్ళి కొత్త ఫోమ్ తెచ్చి, నేనే వాళ్ళింటికి వెళ్ళి పెట్టేసి వద్దామనుకున్నాను. దాని ఖరీదు 30 రూపాయలు.

సోమవారం పక్క ఊళ్ళో సమాధి కార్యక్రమం పడింది. మంగళవారం వాన. బుధవారం కూడిక. గురువారం నాటికి వెళ్ళొచ్చు, కానీ అప్పటికి ఇంకో చిక్కు వచ్చింది. ఇప్పుడు వెళ్ళి చెబితే "శనివారమే ఎందుకు చెప్పలేదు అయ్యగారూ" అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక్కో రోజు గడిచేకొద్దీ ఆ ప్రశ్న పెద్దదవుతూ వచ్చింది. ఆ తర్వాత ఆదివారం నేను చెప్పిన వాక్యం చిన్న చిన్న అబద్ధాల గురించి. మీలో చాలామంది బాగుందన్నారు. తమ్ముడు డోలక్ దగ్గర కూర్చుని విన్నాడు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో రాత్రి ప్రార్థనలో నేను ఈ సంగతి దేవుడి దగ్గర ఒప్పుకుంటూనే ఉన్నాను. రోజూ ఒప్పుకున్నాను. ఆయన దగ్గర ఒప్పుకోవడం నాకు తేలిక, ఆయనకు ముందే తెలుసు గనుక. తమ్ముడికి తెలియదు. మోకాళ్ళ మీద నుంచి లేచిన ప్రతిసారీ పని అయిపోయినట్టు అనిపించేది. వాళ్ళ ఇల్లు మా ఇంటికి నాలుగు గడపల దూరం.

మూడు వారాలు గడిచాయి. ట్రాక్టర్లు తిరిగే డొంకల్లో, ఎండిన గట్ల మీద ఆ పంపు ఫోమ్ లేకుండా దుమ్ము పీల్చుకుంటూ తిరిగింది. మెల్లగా బలం తగ్గింది. మొక్క చివరి దాకా తుంపర అందడం లేదని రైతులు గొణిగారు. చల్లగా ఉన్నప్పుడు స్టార్టయ్యేది, వేడెక్కాక ఒకసారి ఆగితే మళ్ళీ పట్టుకునేది కాదు. ఊళ్ళో రిపేరు చేసే అతను కార్బేటర్ విప్పి గిన్నె చూశాడు. అడుగున నల్లటి మట్టి. "పెట్రోల్లోనే ఉంది చెత్తంతా" అన్నాడు. పైనున్న గాలి మూత తీసి చూడాలని అతనికి తోచలేదు.

తమ్ముడు పెట్రోలు కొనేది మన కొట్టు అక్క దగ్గర. బంకు మనకు 11 కిలోమీటర్లు. డబ్బాలో తెచ్చి సీసాల్లో అమ్మకూడదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అది మంచి పనని నేను చెప్పడం లేదు. భర్త పోయాక ఇద్దరు పిల్లలను ఆ కొట్టు మీదే చదివించుకుంటోంది. తమ్ముడు నేరుగా వెళ్ళి అడిగాడు. మాటా మాటా పెరిగింది. రోజూ "పిన్నీ, ఒక లీటరు" అని పిలిచేవాడు ఆ రోజు "ఏమ్మా, ఏం కలిపి అమ్ముతున్నావు?" అని నడివీధిలో అరిచాడు. వారం తిరిగేసరికి ఇంకో నలుగురు ఆమె దగ్గర పెట్రోలు మానేశారు. పెట్రోలు కోసం వచ్చేవాళ్ళే ఉప్పూ పప్పూ కొనేది.

బుధవారం గృహ కూడికలో ప్రార్థన అంశాలు చెప్పమన్నాను. మోకాళ్ళ నొప్పులు, అబ్బాయి ఇంటర్వ్యూ, ఆపరేషను. అక్క చివర్లో లేచింది. "నేను ఏమీ కలపలేదు అయ్యగారూ. నా పేరు దేవుడే నిలబెట్టాలి. దానికోసం ప్రార్థన చెయ్యండి" అని కూర్చుంది.

ప్రార్థన చెయ్యాల్సింది నేను. చేశాను. ఏం మాటలు వాడానో గుర్తు లేదు, త్వరగా ముగించానని మాత్రం గుర్తుంది. ఇంటికి వచ్చాక మా ఇంటావిడ అడిగింది, "అక్క కోసం చేసిన ప్రార్థన అలా తుంచేశారేం?" అని. అప్పుడు చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పొద్దున్నే వెళ్ళండి. కాఫీ తాగాక కాదు, ముందే" అంది.

వెళ్ళాను. తమ్ముడు వాకిట్లో కూర్చుని తాడు లాగుతున్నాడు. బాగున్న ఇంజను తాడు లాగితే చేతికి ఎదురు తంతుంది. అది ఉత్తగా తిరుగుతోంది, నూతిలో చేంతాడు జారినట్టు. ఆ ఒక్క లాగుడు చూస్తేనే నాకు అర్థమైపోయింది. నిలబడే చెప్పాను. గాలి మూత తీసి చూపించాను. లోపల ఫోమ్ ఉండాల్సిన చోట సన్నటి దుమ్ము, ఆయిలుతో కలిసి గంధంలా అయిపోయి ఉంది.

అతను చాలాసేపు ఆ మూతనే చూశాడు. "ఆ రోజే చెప్పుంటే 30 రూపాయలు నేనే పెట్టుకునేవాణ్ణి గదా అయ్యగారూ" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికయ్యేది. తర్వాత అన్నాడు, "నేను పిన్నిని వీధిలో అన్నాను."

సైలెన్సర్ విప్పితే ఆ రంధ్రంలోంచి పిస్టను కనబడుతుంది. టార్చి వేసి చూశాం. పిస్టను పక్కన నిలువుగా గీతలు, బండ మీద మేకుతో గీసినట్టు. రింగు అరిగి పల్చబడింది. పెట్రోల్లో మట్టి వల్ల అలా కాదు.

ఈ తేడా నేను కొట్టు దగ్గర కూడా అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది, ఇక్కడా చెబుతాను. పెట్రోలుతో వచ్చే మట్టి సాధారణంగా గిన్నెలో దిగబడుతుంది, లేదా జెట్టుకు అడ్డం పడుతుంది. ఇంజను ఆగిపోతుంది, లేకపోతే చోకు వేస్తే తప్ప నడవనని మొరాయిస్తుంది. సూది కింద ఇసుక రేణువు ఇరుక్కుంటే పెట్రోలు కారిపోతుంది. ఏదైనా సరే, మనకు తెలిసిపోతుంది. గాలితో వచ్చే దుమ్ము అలా అడ్డం పడదు. ఇంజను నడుస్తూనే ఉంటుంది, లోపల అరుగుతూనే ఉంటుంది. తెలిసే నాటికి పిస్టను పోయి ఉంటుంది.

మరి గిన్నెలో మట్టి ఎక్కడిది? అదీ తేల్చాలి, లేకపోతే అక్క మీద అనుమానం సగం అలాగే ఉండిపోతుంది. రెండు గాజు హార్లిక్స్ సీసాలు తీసుకున్నాం. ఒకదాంట్లో అక్క డబ్బాలోని పెట్రోలు, ఒకదాంట్లో పంపు ట్యాంకు అడుగున మిగిలింది. పొయ్యికి దూరంగా, కొట్టు ముందున్న వేప చెట్టు కింద మూతలు బిగించి పెట్టి రెండు గంటలు కదపలేదు. వచ్చే పోయే వాళ్ళంతా చూశారు. అక్క సీసా అడుగున ఏమీ లేదు. పంపులోంచి తీసిన దాని అడుగున నల్లరేగడి, సన్నటి గీతలా.

అది తమ్ముడి చేతి నుంచే వెళ్ళింది. చేలో పెట్రోలు పోసేటప్పుడు మూత తీసి గట్టు మీద బోర్లా పెట్టడం, దానికి అంటిన మట్టితోనే మళ్ళీ బిగించడం. గరాటు బదులు నీళ్ళ సీసా కోసి వాడేవాడు, అది మందు పొట్లాలతోపాటు బుట్టలో పడి ఉండేది. ఆ మట్టి తనదేనని అతనే ఒప్పుకున్నాడు. కానీ నేను అక్కడే చెప్పాను, ఆ మట్టి ఒక్కటే అయితే గిన్నె కడుక్కుంటే పోయేది, ఇంజను చచ్చింది నా వల్లనే అని. ఆ మాట గట్టిగానే చెప్పాను, వెనక నిలబడ్డ వాళ్ళకు కూడా వినబడాలని.

అక్క అంతా విని, "మీరే అయితే నేనేమంటాను అయ్యగారూ" అంది. అందులో క్షమించానన్న మాట లేదు. నేను అడగలేదు కూడా, అడిగితే పాస్టరుకు కాదని చెప్పలేదు గనుక.

సిలిండరు, పిస్టను, రింగులు, బేరింగు, కూలి కలిపి 2,400 రూపాయలయింది. నేను ఇచ్చాను. తమ్ముడు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. మంచి పని చేశాడు. పంపు బాగయ్యేసరికి తొమ్మిది రోజులు పోయాయి, మిరపకు మందు కొట్టే రోజుల్లో తొమ్మిది రోజులు. అతన్ని పిలిచే రైతుల్లో ఇద్దరు వేరేవాళ్ళను కుదుర్చుకున్నారు, మళ్ళీ రాలేదు. దానికి 2,400 లెక్క సరిపోదని నాకు తెలుసు.

ఆదివారం వాక్యం చెప్పకముందు సంఘంలో నిలబడి ఇదంతా చెప్పాను, మీరు ఊళ్ళో ఉన్నవాళ్ళు విన్నారు. ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "ఇలాంటివి పల్పిట్ మీద చెప్పక్కర్లేదు అయ్యగారూ, సేవకుడి గౌరవం పోతుంది" అన్నారు. ఆయన నా మంచికే చెప్పారు. కానీ అక్క పేరు పోయింది వీధిలో, పది మంది ముందు. దాన్ని తిరిగి తేవాల్సింది కూడా పది మంది ముందే గదా. నా గదిలో ఆమెకు చెబితే ఎవరికి తెలుస్తుంది?

ఆ తర్వాత మన పంపులవాళ్ళు చాలామంది వచ్చి ఏం చెయ్యాలో చెప్పమన్నారు. ప్రసంగాలకు ఇంతమంది సందేహాలతో రారు. చెప్పినవి ఇక్కడా పెడుతున్నాను.

మందు కొట్టే రోజుల్లో ఫోమ్ రోజూ తీసి చూడండి. మురికిగా ఉంటే పైన చెప్పినట్టు సబ్బు నీళ్ళతో కడగండి, పెట్రోలుతో వద్దు. వేళ్ళతో నొక్కితే రాలుతుందంటే కొత్తది వెయ్యండి. ఒకటి ఎప్పుడూ ఇంట్లో అదనంగా ఉంచుకోండి. ఫోమ్ లేకుండా ఒక్క ట్యాంకు కూడా కొట్టకండి, ఎంత మందు కలిపి ఉన్నా సరే. పొడి మందు కలిపేటప్పుడు ఇంజను ఆపి, పంపును గాలికి ఎదురు వైపు దూరంగా పెట్టండి. పెట్రోలు పోసేముందు మూత చుట్టూ గుడ్డతో తుడవండి, తీసిన మూతను నేల మీద కాక జేబులోనో శుభ్రమైన గుడ్డ మీదో పెట్టండి. పెట్రోలు గరాటు వేరు, మందు గరాటు వేరు. పెట్రోలు గరాటుకు సన్నటి జాలీ ఉన్నది కొనండి. పాత పంచె గుడ్డ పెట్టి వడకడితే ఆ నూలు పోగులే జెట్టుకు అడ్డం పడతాయి.

జెట్టు మూసుకుపోతే సూదితో పొడవకండి. ఇత్తడి మెత్తన, ఒక్కసారి బెజ్జం పెద్దదైతే మళ్ళీ చిన్నది కాదు. కరెంటు వైరులోని సన్నటి రాగి పోగు ఒకటి తీసి మెల్లగా పోనివ్వండి, తర్వాత గాలి కొట్టండి. జెట్టు సగం మూసుకుని ఇంజను ఎలాగో నడుస్తోంది కదా అని వాడకండి. పెట్రోలు తక్కువ పోతే దాంట్లోని ఆయిలు కూడా తక్కువే పోతుంది. ఇంజను కాలిపోయి పట్టేస్తుంది.

గడ్డి కోసే బ్రష్ కట్టర్ ఉన్నవాళ్ళకు ఒక మాట. వాటిలో చాలావాటికి గిన్నె ఉండదు, లోపల పల్చటి రబ్బరు పొర పెట్రోలును లాగుతుంది. దానికి కంప్రెసర్ గాలి కొడితే పొర చిరుగుతుంది. లోపల గోరంత జాలీ కూడా ఉంటుంది, విప్పడం రాకపోతే తెలిసినవాళ్ళకే ఇవ్వండి. పెట్రోలు ట్యాంకులో పైపు చివర వేలాడే చిన్న ఫిల్టరు మాత్రం మీరే వంచిన తీగతో బయటికి లాగి చూసుకోవచ్చు.

సీజను అయిపోయాక పెట్రోలు లోపల వదిలెయ్యకండి. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది. నెలల తరబడి ఉంచితే అడుగున నీరు చేరుతుంది, గిన్నెలో తెల్లటి పొడి, జిగురు పడతాయి. అది బయటి నుంచి వచ్చిన మట్టి కాదు, ఉత్తగా ఉన్నందుకు పుట్టిన మట్టి. ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను ఆగేదాకా నడిపి, గిన్నెలో మిగిలింది వంపేసి, పొడిగా పెట్టండి.

అక్క కొట్టు దగ్గర ఇప్పుడు జాలీ గరాటు వచ్చింది. ఎవరికి పోసినా అందులోంచే పోస్తోంది, వాళ్ళు చూస్తుండగా. ఆమెకు ఆ అవసరం లేదని నేనన్నాను. "ఉండనివ్వండి" అంది. తమ్ముడు మళ్ళీ అక్కడే కొంటున్నాడు. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏదో మాట్లాడాడని విన్నాను. ఏం మాట్లాడాడో నేను అడగలేదు.

మొన్న శనివారం నా తోటకు మళ్ళీ పంపు కావాల్సి వచ్చింది. ఈసారి అద్దె ఇస్తానంటే సరేనన్నాడు. పంపు నా చేతికి ఇచ్చేముందు వాకిట్లో కూర్చుని గాలి మూత తీశాడు. లోపల కొత్త ఫోమ్, కాస్త ఆయిలు తడితో. నాకు చూపించాడు. నేను చూశాను. మూత బిగించి ఇచ్చాడు. సాయంత్రం తిరిగి ఇచ్చినప్పుడు కూడా మూత తీసి చూసుకున్నాకే లోపల పెట్టుకున్నాడు.